మీరే కట్టుకున్న చెక్క పడవను వదులుకోవడం: ఎప్పుడు, ఎవరికి, ఏ స్థితిలో

సొంత చేతులతో కట్టిన చెక్క తెరచాప పడవను ఉంచుకోవాలో అమ్మేయాలో తేలనప్పుడు చాలామంది చేసేది ఒకటే. మీద టార్పాలిన్ కప్పేసి, వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంటారు. పడవ పాడయ్యేది ఆ టార్పాలిన్ కిందే. నీళ్ళలో తిరుగుతున్న పడవలోకి తరచూ ఎవరో ఒకరు దిగుతారు, అడుగున చేరిన నీటిని తోడుతారు, మూతలు తీసి గాలాడనిస్తారు. కప్పేసిన పడవ వంక ఎవరూ చూడరు. కప్పు మధ్యలో కుంగి మడుగు కడుతుంది. ఆ బరువుకు ఎక్కడో కుట్టు విడి వాన నీరు లోపలికి దిగుతుంది. ఎండకు ఆవిరై లేచినా బయటికి పోయే దారి లేక, మళ్ళీ చెక్క మీదే చెమ్మగా చేరుతుంది.

అదే ఉప్పునీరైతే ఇంత నష్టం ఉండదు. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాన్ని ఉప్పు చాలావరకు అడ్డుకుంటుంది. చెక్క పడవలు కుళ్ళేది ఎక్కువగా వాన నీటి వల్లే, అదీ నీటిమట్టానికి పైన ఉన్న భాగాల్లో. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్ళు మొదలవదు. 30 శాతం దగ్గరికి చేరి, దానికి తోడు వెచ్చదనం కూడా దొరికితే మాత్రం ఆగదు.

అందుకే నా లెక్క ఇది: ఏటా చేయాల్సిన రంగు పని మొదటిసారి ఎగ్గొట్టిన ఏడాదే పడవను వదులుకోవాల్సిన ఏడాది. అప్పటికి చెక్క ఇంకా పొడిగానే ఉంటుంది, తెరచాప ఎత్తి చూపించవచ్చు, కొనేవాడు వచ్చే వారమే నీళ్ళలోకి దించుకోవచ్చు. రెండోసారి కూడా ఎగ్గొడితే పడవతో పాటు మరమ్మతు పని కూడా అతని నెత్తిన పడుతుంది. ధర పడిపోవడం సంగతి తర్వాత, అసలు అడిగేవాళ్ళే తగ్గిపోతారు.

ఎగ్గొట్టడం అంత తొందరగా ఎందుకు బెడిసికొడుతుందో వార్నిష్ చూస్తే తెలుస్తుంది. కొత్త చెక్క మీద ఆరు నుంచి ఎనిమిది పూతలు వేస్తాం. తర్వాత ఏటా 320 నంబరు సాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది రెండు పూతలు వేస్తే సరిపోతుంది. ఒక ఏడు మానితే పై పొర పలచబడుతుంది, అంతే. ఎండలో ఉన్న పడవకు రెండో ఏడూ మానితే అతినీలలోహిత కిరణాలు కింది చెక్కను తాకుతాయి. వార్నిష్ పట్టు వదిలి పొరలుగా లేస్తుంది, ఆ సందుల్లో తేమ చేరి చెక్క నల్లబడుతుంది. ఇక రెండు పూతల పని కాస్తా మొత్తం గీకేసి మళ్ళీ ఎనిమిది పూతలు వేసే పనవుతుంది. వార్నిష్ కింద ఎపాక్సీ, అంటే రెసిన్‌లో గట్టిపరిచే ద్రవం కలిపి వాడే జిగురు పూత, ఉంటే ఇంకా చిక్కు. ఎపాక్సీకి ఎండ అసలు పడదు, పసుపెక్కి సుద్దలా రాలుతుంది. దాన్ని తీయడానికి వేడి గాలి ఊదే హీట్ గన్ పట్టుకుంటే మరో ప్రమాదం. గది వేడిలో గట్టిపడిన మామూలు ఎపాక్సీ 50, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. పలకల అంచులు తీగతో కుట్టి ఎపాక్సీతో అతికించిన పడవలో ఆ అతుకే ఎముక, దాని దగ్గర హీట్ గన్ ఎక్కువసేపు నిలపకూడదు.

రంగు సంగతీ చూద్దాం. నాలుగున్నర మీటర్ల పడవకు బయటి ఒళ్ళు సుమారు 10 చదరపు మీటర్లు. లోపలి వైపు, డెక్ కలిపితే మరో అంత. లీటరు పడవ రంగు ఒక పూతకు 10, 12 చదరపు మీటర్లు వస్తుంది కాబట్టి లోపలా బయటా ఒక్కో పూతకు రెండు లీటర్లు. వేయడానికి ఒక పూట చాలు. కాలం తినేది వేయడం కాదు, దానికి ముందు కడగడం, ఆరబెట్టడం, రుద్దడం, దుమ్ము తుడవడం, పూతకీ పూతకీ మధ్య ఎదురుచూడటం. తేమ తక్కువగా, గాలి నెమ్మదిగా ఉండే రోజులు వరసగా దొరకాలి. అలాంటి రోజులే తెరచాప పడవ నడపడానికి కూడా బాగుంటాయి. ఏటా ఆ రోజుల్లో రుద్దుతూనే కూర్చుంటున్నారంటే వదులుకునే సమయం వచ్చినట్టే.

అమ్మే ముందు పడవను మీరే తనిఖీ చేయండి

కొనేవాడు వెతికే చోట్లన్నీ అతనికన్నా ముందు మీరు వెతకాలి. కట్టినవాళ్ళకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది. తాము పెట్టిన పలకలో పుచ్చు ఉందని వాళ్ళ కన్ను ఒప్పుకోదు. అందుకని పనిముట్లను నమ్ముకోవడం మేలు: ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవర్, మొన తేలిన సూది లాంటి పనిముట్టు, రెండు సూదుల తేమ మీటరు, గట్టి టార్చి, చిన్న అద్దం, బరువు తూచే కాటా.

ముందు పడవను నీడలో పెట్టి, మూతలన్నీ తీసి, ముక్కు కాస్త ఎత్తుగా ఉంచి, వెనకున్న నీటి రంధ్రం తెరిచి రెండు వారాలు ఆరనివ్వండి. ఆ తర్వాతే మీటరు పట్టాలి. ఉప్పు పట్టిన చెక్క మీద మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, రాగి కలిసిన రంగు మీదా అంతే. కాబట్టి ఒక్క అంకెను పట్టుకుని భయపడకుండా ఒకే పలక మీద నాలుగైదు చోట్ల చూసి తేడా ఎక్కడుందో గమనించాలి. అంతటా 14 చూపించి ఒక మూల 26 చూపిస్తే ఆ మూల సంగతి తేల్చుకోవాల్సిందే.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టడం. గట్టి ప్లైవుడ్ టక్ టక్ మంటుంది. పొరలు విడినా, లోపల మెత్తబడినా శబ్దం మొద్దుగా వస్తుంది. కానీ కింద చట్రం కలిసే చోట కూడా శబ్దం మారుతుంది. రెండు వైపులా ఒకే స్థానంలో తట్టి పోల్చుకుంటే మోసపోరు.

ఇక ఎక్కడ చూడాలి అంటే, ప్లైవుడ్ అంచు, చెక్క కొస తెరిచి ఉన్న ప్రతిచోటా. పలక ముఖం కంటే కొస నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. ట్రాన్సమ్, అంటే వెనుక నిలువు పలక, దాని అడుగు అంచు, రెండు కింది మూలలు, నీటి రంధ్రం చుట్టూ. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, దాని కాలు కూర్చునే దిమ్మె కింద, ఎందుకంటే మాస్ట్ వెంట జారిన వాన నీరు అక్కడ గుంటలో నిలుస్తుంది. మాస్ట్‌ను నిలబెట్టే తీగలు కట్టే ఇనుప పట్టీల స్క్రూల చుట్టూ. డెక్ కింద, అంచు బద్ద పలకను ఆనుకునే సందులో, ఆ సందుకు నీరు కారే ఖాళీలు వదలకపోతే మరీ ముఖ్యంగా. తేలడానికి కట్టిన గాలి పెట్టెల లోపల: మూత తీయగానే పుట్టగొడుగు వాసన వచ్చిందంటే మీటరు అక్కర్లేదు.

అన్నింటికన్నా చెడ్డ చోటు సెంటర్‌బోర్డ్ పెట్టె. పడవ పక్కకు జారకుండా అడుగు నుంచి నీళ్ళలోకి దించే పలకే సెంటర్‌బోర్డ్, అది కదిలే ఇరుకు గూడే ఈ పెట్టె. బోర్డు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా మధ్యలో ఇరుక్కున్న ఇసుక లోపలి పూతను అరగదీస్తుంది. పూత పోయిన ప్లైవుడ్ నీళ్ళలోనే కూర్చుంటుంది, చూడటానికి సందు మాత్రం వేలెడే. పడవను పక్కకు పడుకోబెట్టి, బోర్డు తీసేసి, కింది చీలిక నుంచి టార్చి వేసి, అద్దం పెట్టి చూడాలి. పెట్టె అడుగు అంచు వెన్నుబద్దను కలిసే గీత వెంట సూదితో గుచ్చుతూ పోండి. రెండు మిల్లీమీటర్ల కన్నా లోపలికి సులువుగా దిగితే అక్కడ చెక్క పోయినట్టే.

మెరైన్ ప్లైతో కట్టాను కదా, కుళ్ళదులే అనే ధీమా చాలామందికి ఉంటుంది. ఆ ముద్ర జిగురు నీటికి విడిపోదనీ, లోపలి పొరల్లో ఖాళీలు లేవనీ చెబుతుంది. పడవలకు ఎక్కువగా వాడే ఒకూమె చెక్క తేలికైనది, చక్కగా వంగుతుంది. తేమను తట్టుకోవడంలో మాత్రం బలహీనమైనది. దాని ఆయుష్షంతా పైన ఉన్న పూత చేతిలో ఉంది.

నీటిమట్టానికి కింద నుంచి ఒకటి రెండు స్క్రూలు విప్పి చూడటం మరవద్దు. ఇత్తడి స్క్రూ గులాబీ రంగుకు తిరిగితే అందులోని జింకు కరిగిపోయి రాగి స్పంజు మిగిలిందని అర్థం, చేత్తో తిప్పితే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ మరీ మోసకారి. గాలి తగలని తడి చెక్కలో దాని రక్షణ పొర నిలవదు. తల తళతళలాడుతూనే ఉంటుంది, లోపల కాడ సగం తినేసి ఉంటుంది. సిలికాన్ కంచు స్క్రూలు వాడి ఉంటే ఈ బెంగ దాదాపు ఉండదు, ప్రకటనలో ఆ మాట తప్పక రాయండి.

చివరగా తూచండి. నమూనా ప్రకారం ఉండాల్సిన బరువు కన్నా పడవ బాగా ఎక్కువ తూగితే ఆ తేడాలో కొంత అదనంగా పూసిన ఎపాక్సీ కావచ్చు, మిగతాది నీరు. ఆరబెట్టి మళ్ళీ తూచితే ఏది ఎంతో తేలుతుంది.

ఏది బాగుచేయాలి, ఏది అలాగే వదిలేయాలి

అమ్మే ముందు మొత్తం కొత్త రంగు కొట్టడం అన్నింటికన్నా పనికిమాలిన ఖర్చు. తెలిసిన కొనుగోలుదారుకు తాజా రంగు కనబడగానే దాని కింద ఏముందోనన్న అనుమానం వస్తుంది. తేలడానికి, భద్రతకు సంబంధించినవి బాగుచేయండి. అందానికి సంబంధించినవి వదిలేయండి. గీకి చూసిన చోట ప్రైమర్ మచ్చ అలాగే ఉంచితే అదే మీ నిజాయితీకి సాక్ష్యం.

చిన్న పుచ్చు మచ్చకు సరైన వైద్యం కోయడమే. మెత్తబడిన చోటు దాటి కనీసం 50 మిల్లీమీటర్లు గట్టి చెక్కలోకి వెళ్ళి కోసి, అంచును ఒకటికి ఎనిమిది వాలుగా చిత్రిక పట్టాలి. 6 మిల్లీమీటర్ల ప్లైకి వాలు పొడవు 48 మిల్లీమీటర్లు వస్తుంది. అదే వాలుతో కోసిన కొత్త ముక్కను చిక్కటి ఎపాక్సీతో అతికించాలి. మెత్తని చెక్క మీద పలచటి ఎపాక్సీ పోసి ఇక గట్టిపడిందనుకోవడం భ్రమ. తడి చెక్కలోకి అది దిగదు, పైన గట్టి పెంకు కట్టి లోపలి తేమను అక్కడే బంధిస్తుంది. ఏడాది తిరిగేసరికి పుచ్చు ఇంకా పెరుగుతుంది.

వదులైన స్క్రూ రంధ్రాలు మాత్రం తప్పకుండా చేయండి, తేలిక కూడా. 5 మిల్లీమీటర్ల బోల్టుకు 8 మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, చిక్కటి ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్ళీ 5 మిల్లీమీటర్లు తొలవాలి. బోల్టు చుట్టూ ఎపాక్సీ గొట్టం ఏర్పడి నీరు చెక్కను తాకదు. గాలి పెట్టెలకు సబ్బునీళ్ళ పరీక్ష చాలు: అతుకుల మీద సబ్బునీళ్ళు రాసి, రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదితే కారే చోట బుడగలు వస్తాయి. గాలి పంపు వాడితే పలక అతుకే ఊడవచ్చు.

సెంటర్‌బోర్డ్ పెట్టె అడుగు పోయిందని తేలితే మీరు ముట్టుకోవద్దు. అది విప్పితే సీటు, అడుగు చట్రం కూడా విప్పాల్సి వస్తుంది, సగంలో ఆగిపోయిన మరమ్మతును ఎవరూ కొనరు. ఉన్నది ఉన్నట్టు రాసి, ధర తగ్గించి ఇచ్చేయండి.

చట్రం మీద పలకలు బిగించి కట్టిన పాత పద్ధతి పడవ అయితే ఒక హెచ్చరిక. చాలాకాలం ఒడ్డున ఆరితే పలకల మధ్య సందులు విడతాయి, చూడటానికి భయంగా ఉంటుంది. వాటిని గట్టి ఎపాక్సీతోనో లప్పంతోనో నింపితే తర్వాత నీళ్ళలో పలకలు ఉబ్బినప్పుడు చోటు దొరక్క స్క్రూలను పీకేస్తాయి, చట్రాన్ని విరుస్తాయి. లోపల తడి గోనెలు పరిచి కొన్ని రోజులు నాననివ్వడమో, లోతు తక్కువ నీళ్ళలో కట్టి ఉంచడమో చేస్తే సందులు వాటంతటవే మూసుకుంటాయి. కొనేవాడికి ఈ సంగతి నోటితో చెప్పి ఊరుకోక కాగితం మీద రాసివ్వాలి.

ధర, కాగితాలు

కట్టడానికి పట్టిన గంటలకు మార్కెట్లో విలువ లేదు. ఈ మాట చేదుగా ఉంటుంది కానీ ముందే మింగేస్తే బేరం సులువు. లెక్క వేయాల్సింది విడివిడిగా అమ్ముడుపోయే వాటిని: తెరచాపలు, మాస్ట్, కప్పీలు, కంచు సామాను, ట్రైలర్, మోటారు ఉంటే మోటారు, కీల్‌లో, అంటే అడుగున ఉండే వెన్నులో, సీసం ఉంటే సీసం. చాలా చిన్న పడవల్లో వీటి మొత్తమే చెక్క ఒళ్ళు విలువను మించుతుంది. ఆ మొత్తం మీ కనీస ధర. ఒళ్ళు మంచి స్థితిలో ఉంటే దానిపైన అడగవచ్చు.

పేరున్న నమూనా అయితే పని తేలిక. మిర్రర్ పడవనే తీసుకోండి. 1962లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ రూపొందించిన 3.3 మీటర్ల పడవ అది, రాగి తీగతో ప్లై పలకలు కుట్టి ఇంట్లోనే కట్టుకునే పద్ధతిని జనంలోకి తెచ్చింది అదే. 70 వేలకు పైగా తయారయ్యాయి. వేఫేరర్, జీపీ 14 కూడా పేరున్న నమూనాలే. వీటికి సంఘాలున్నాయి, వాడిన తెరచాపలు, విడి భాగాలు దొరుకుతాయి, కొనేవాడు చూడకుండానే సగం తెలుసుకుని వస్తాడు. సొంత నమూనాతో కట్టిన ఒంటరి పడవకు ఈ వెన్నుదన్ను లేదు, అక్కడ మీరు దాచుకున్న ఫొటోలే ఆధారం. ముఖ్యంగా డెక్ మూయకముందు తీసినవి. మూసేశాక ఎవరూ చూడలేని గాలి పెట్టెల లోపలి పూత, చట్రం అతుకులు వాటిలోనే కనిపిస్తాయి.

ప్రకటనలో పొడవు, వెడల్పు, తూచిన బరువు, ప్లై మందం, చెక్క రకం, జిగురు రకం, మొదట నీళ్ళలో దించిన ఏడు, చివరిసారి నడిపిన తేదీ ఉండాలి. బయట గాజునార గుడ్డ ఉంటే దాన్ని అతికించింది ఎపాక్సీతోనా పాలియెస్టర్ రెసిన్‌తోనా చెప్పండి. పాలియెస్టర్ చెక్కను ఎక్కువకాలం పట్టుకోదు, అంచుల్లో ఊడటం మొదలవుతుంది. చెడ్డ చోట్ల ఫొటోలు అందమైన ఫొటోల కన్నా ముందు పెట్టండి. వచ్చే ఫోన్లు తగ్గుతాయి, వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళడం కూడా తగ్గుతుంది.

అమ్మకపు పత్రం రెండు ప్రతులు. అందులో పడవ గుర్తింపు సంఖ్య, మోటారు సంఖ్య, ట్రైలర్ వివరాలు, ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామన్న మాట, దాంతోపాటే మీకు తెలిసిన లోపాల జాబితా ఉండాలి. ఆ జాబితా మీ రక్షణకే. కొన్ని దేశాల్లో సొంతంగా కట్టిన పడవ అమ్మకానికి గడువు ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో సొంత వాడకానికి కట్టిన పడవకు భద్రతా ప్రమాణాల నిబంధనల నుంచి మినహాయింపు దొరుకుతుంది. అయితే వాడకంలోకి వచ్చినప్పటి నుంచి ఐదేళ్ళ లోపు మార్కెట్లో పెడితే ఆ మినహాయింపు పోతుంది. నమూనా పటాలను పడవతో పాటు ఇచ్చేయవచ్చు కానీ సాధారణంగా ఒక కొనుగోలుకు ఒక పడవ కట్టే హక్కే వస్తుంది, వాటితో రెండోది కట్టుకోవచ్చని మాటివ్వకండి.

ఉచితంగా ఇవ్వడం, లేదా విప్పేయడం

ఊరికే ఇస్తామంటే చాలామంది వస్తారు. వాళ్ళను మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ పెడతారు, దేనితో లాక్కెళతారు, రంగు ఎవరు వేస్తారు. మూడింటికీ వెంటనే జవాబు రాకపోతే మీ పడవ ఇంకో టార్పాలిన్ కిందకు వెళ్తుందన్నమాట. సెయిలింగ్ క్లబ్బులు పిల్లలకు నేర్పడానికి తీసుకుంటాయి కానీ వాళ్ళకు కావాల్సింది మొరటుగా వాడినా తట్టుకునేది. వార్నిష్ మెరుపు పడవ వాళ్ళకు భారమే. మ్యూజియంలను అడగడం దాదాపు వృథా, చారిత్రక ప్రాముఖ్యం ఉంటే తప్ప.

వెన్నుబద్ద, సెంటర్‌బోర్డ్ పెట్టె, ట్రాన్సమ్ మూడూ మెత్తబడితే మరమ్మతుకు కొత్త పడవ కట్టినంత పని పడుతుంది. అప్పుడు విప్పేయడమే న్యాయం. ముందు లోహ సామాను, చుక్కాని, సెంటర్‌బోర్డ్, మాస్ట్ తీసి విడిగా పెట్టండి. స్ప్రూస్ మాస్ట్‌ను మూడు నాలుగు చోట్ల ఆనుడిచ్చి పడుకోబెట్టాలి, లేకపోతే వంపు తిరుగుతుంది. సీసం కీల్ ఉంటే బోల్టులు వదులు చేయకముందే కింద దిమ్మెలు పెట్టండి. లీటరు పరిమాణం సీసం 11 కిలోల పైమాటే, ఊహించినదానికన్నా వేగంగా పడుతుంది. మేకులు కూడా కోయగల బ్లేడు పెట్టిన రెసిప్రొకేటింగ్ (బ్లేడు ముందుకీ వెనక్కీ ఆడే) కరెంటు రంపంతో చట్రాల మధ్య అడ్డంగా 60 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. పాత రంగులో సీసం ఉండవచ్చు. పడవ అడుగున పూసే నాచు నిరోధక రంగుల్లో ఒకప్పుడు టిన్ సమ్మేళనాలు ఉండేవి, 2008లో అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది. కాబట్టి మాస్క్ లేకుండా కోయొద్దు, రుద్దొద్దు. రంగు, ఎపాక్సీ పట్టిన ప్లైని పొయ్యిలో వేయకూడదు, శుద్ధి చేసిన చెక్క వ్యర్థంగానే పంపాలి.

అప్పగించే రోజు

పడవ అమ్ముడైతే దాంతో పాటు ఒక డబ్బా వెళ్ళాలి: రంగు పేర్లు, వాటి కోడ్‌లు, ఎపాక్సీ కలిపే నిష్పత్తి, మిగిలిన ప్లై ముక్కలు, ఒక సంచి అదనపు స్క్రూలు. మిగిలిన ఎపాక్సీ రెసిన్ చక్కెర పాకంలా గడ్డకట్టి ఉంటే పారేయకండి, 50 డిగ్రీల వేడి నీళ్ళలో డబ్బాను ఉంచితే తేరుకుంటుంది. గట్టిపరిచే ద్రవం ఎర్రబడినా పనిచేస్తుంది, వార్నిష్ కింద రంగు తేడా కనబడుతుంది అంతే.

మాస్ట్ నిలబెట్టడం, తెరచాప కుదించడం ఒడ్డున ఒకసారి చేసి చూపించి, అవే పనులు కొనేవాడి చేత మళ్ళీ చేయించండి. వీలైతే తేలికపాటి గాలిలో ఒకసారి కలిసి నీళ్ళలోకి వెళ్ళిరండి.

ట్రైలర్‌ను మాత్రం అనుమానంగానే చూడండి. కొనేవాడి ఇంటికి వెళ్ళే దారే చాలా ట్రైలర్లకు ఏళ్ళ తర్వాత మొదటి దూర ప్రయాణం. టైరు మీద గీతలు కొత్తగా ఉన్నా పక్కగోడల్లో పగుళ్ళుంటే మార్చాలి. బేరింగులు విప్పి గ్రీజు మార్చండి, నీళ్ళలో ముంచిన వేడి చక్రం లోపలికి నీటిని పీల్చుకుంటుంది. పడవ బరువు కీల్ కింది రోలర్ల మీద పడాలి, పక్క ఆనుడు బద్దలు ఒరగకుండా పట్టుకోవడానికే. పట్టీ అంచు బద్దను దాటే చోట మెత్తటి గుడ్డ పెట్టి బిగించండి.

అదే రోజు రిజిస్ట్రేషన్ మార్పు పంపండి, బీమా రద్దు చేయించండి, పడవ మీద అతికించిన మీ ఫోన్ నంబరు గీకేయండి. ఎప్పుడైనా అది కట్టు తెంపుకుని ఖాళీగా కొట్టుకుపోతూ దొరికితే, వెతికేవాళ్ళు ముందు ఫోన్ చేసేది ఆ నంబరుకే.